సప్పుడు లేని బండి

బానెట్ ఎత్తి, పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజను మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కుతుబుద్దీన్ కళ్ళు మూసుకున్నాడు. పటేల్‌గారింటి డ్రైవరుగా ఇరవై ఎనిమిదేళ్ళ నుంచీ ప్రతి పొద్దునా అతను చేసే మొదటి పని ఇదే. పాత అంబాసిడర్ కడుపులో ఏ నట్టు వదులైంది, ఏ బెల్టు అరిగింది, ఏ గొట్టం నెలరోజుల్లో ప్రాణం తీయబోతోంది, అన్నీ ఆ ఇనుపకడ్డీ గుండా అతని చెవికి చేరతాయి. షామీర్‌పేట మెకానిక్కులు బండి విప్పి కూడా కనిపెట్టలేనిది అతను కళ్ళు మూసుకుని చెప్పేవాడు.

మనిషి పొట్టి. వయసు యాభై నాలుగు. గోరింటాకుతో ఎర్రబడ్డ గడ్డం, స్టీరింగు రాపిడికి కాయలు కాసిన అరచేతులు, తలకు అతికించినట్టు కాకుండా బయటికి విచ్చుకున్న రెండు పెద్ద చెవులు. "మా ఇంటాయనకు ముందుగాల చెవులు పుట్టినయ్, తర్వాత మనిషి మొలిచిండు" అని భార్య షహజాది బేగం అందరి ముందూ ఎగతాళి చేసేది. కాదనేవాడు కాడు. చదువు లేదు, ఆస్తి లేదు. ఉన్నవల్లా ఆ చెవులే.

ఆ చెవులకు చిన్నప్పటి నుంచీ మోత అలవాటు. అతని తండ్రి పటేల్‌గారి ద్రాక్షతోటలో కావలి ఉండేవాడు. పళ్ళు పండే కాలంలో పిట్టలు వాలకుండా పొద్దస్తమానం ఖాళీ డబ్బా కొట్టాలి. ఎనిమిదేళ్ళ కుతుబు ఆ డబ్బా కొట్టీ కొట్టీ చెవుల్లో గుయ్యిమనేదాకా కొట్టేవాడు. "సప్పుడున్న కాడికి పిట్టా రాదు, షైతానూ రాదు" అని తండ్రి అనేవాడు. ఆ మాట కుతుబుద్దీన్ నమ్మాడో లేదో అతనికే తెలియదు గానీ, మోతలో మాత్రం అతనికి ఎప్పుడూ ధైర్యంగానే ఉండేది.

ఇప్పుడా ద్రాక్షతోట లేదు. రెండువేల ఆరులో భూముల ధరలకు పూనకం వచ్చింది. పెద్దపటేల్ పోయి అప్పటికి ఎనిమిదేళ్ళు. కొడుకు మధుసూదన్ తోటను ప్లాట్లవాళ్ళకు ఇచ్చేశాడు. భూమి అమ్మినవాడికి కారు కొనేదాకా కాలు నిలవదని ఆ పక్క సామెతగానే ఉంది. కానీ ఆషాఢంలో ఇనుము ఇంటికి తేకూడదు. శ్రావణం రాగానే సికింద్రాబాదు నుంచి రెండు కార్లు తెప్పించాడు. రెండింటి ధరా ఒకటే, పొడుగూ ఒకటే, సోఫాల్లాంటి సీట్లూ ఒకటే. ఒకటి బూడిద రంగుది, ఒకటి ముత్యం రంగుది. తిప్పి చూసుకొమ్మని కంపెనీలవాళ్ళు తాళాలిచ్చి సాయంత్రం దాకా గడువు పెట్టారు. మంత్రులు తిరిగే బండి కొంటే ఊరి కళ్ళు పడతాయి, మామూలుది కొంటే నలుగురిలో మర్యాద ఉండదు. మధ్యలో ఉన్నవి ఈ రెండే అని మధుసూదన్ లెక్క.

అయితే ఈసారి కారు దర్జా కోసం కాదు. అతని తల్లి సత్యమ్మ కోసం.

సత్యమ్మ పోయిన ఏడాది స్నానాలగదిలో జారిపడింది. వెన్నుపూస నలిగింది. అప్పటి నుంచి ఆమె వెల్లకిలా పడుకోలేదు, పక్కకు తిరిగి పడుకోలేదు. గోడకు దిండ్లు ఆనించుకుని కూర్చునే తెల్లవారుస్తుంది. వారానికి మూడుసార్లు యాప్రాల్‌లో మిలిటరీ నుంచి రిటైరైన ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. దారి జవహర్‌నగర్ మీదుగా. నగరం చెత్తంతా మోసుకొచ్చే లారీలు ఆ రోడ్డును పిండి చేశాయి.

పోయిన నెల, చెత్తగుట్ట మలుపు దగ్గర, ఎదురుగా లారీ మీదికి వస్తే కుతుబుద్దీన్ ఎడమకు తిప్పాడు. ఎడమ చక్రం గుంతలో దిగింది. అసలే విరిగిన నడుము, పైన ఆ దెబ్బ. గోరుచుట్టుపై రోకటిపోటు అంటే అదే. సత్యమ్మ వేసిన కేక మనిషి కేకలా లేదు. ఇల్లు చేరాక, దిగుతూ, "నీ తప్పు కాదు బిడ్డా, గుంత తప్పు" అంది. తిట్టి ఉంటే అతను నాలుగు రోజుల్లో మరచిపోయేవాడు. ఆ మాట అన్నందుకే మరవలేకపోయాడు. ఆ కేక అతని చెవుల్లో అలాగే ఉండిపోయింది. ఇంజనుకు స్క్రూడ్రైవర్ ఆనించినా దాని అడుగున అదే వినపడేది.

"కుతుబన్నా, ఇగ నడువ్" అంటూ మధుసూదన్ గడపలోంచి వచ్చాడు. "ముందుగాల నువ్వు ఎనక కూసో. నేను తోలుత. సీటెట్లుందో, సప్పుడెంతొస్తుందో నీ చెవితోనే చెప్పాలె."

"నేను ఎనకనా, పటేలా?"

"మరి అమ్మ కూసునేది ఎనకనే గద."

ఇరవై ఎనిమిదేళ్ళలో అతను వెనక సీటులో కూర్చున్నది లేదు. తుడిచాడు, దులిపాడు, పటేల్‌గారి మనవలు కక్కుకుంటే కడిగాడు. కూర్చోలేదు. బూడిద రంగు కారులో, పరాయి పెళ్ళిపందిట్లో ముందు వరుస కుర్చీలో కూర్చున్నవాడిలా, వీపు ఆనించకుండా అంచున కూర్చున్నాడు. తలుపు పడింది. పడ్డ చప్పుడు కూడా లేదు. ఊరు ఒక్కసారి ఆగిపోయినట్టయింది. చెరువుకట్ట దాకా వెళ్ళి వచ్చేలోపు అతనికి వినిపించింది తన చేతి గడియారం ఒక్కటే. ముత్యం రంగు దాంట్లో ఆ గడియారం మరింత స్పష్టంగా వినపడింది. అంతే తేడా.

"ఏది మంచిగుంది?"

"రెండూ మంచిగనే ఉన్నయ్ పటేలా. అమ్మను గుంత మీదికెళ్ళి తోల్కపోతేనే తెలుస్తది."

"సరే. అమ్మ దేంట్ల పండుకుంటే గది కొందం."

అలా పందెం ఖాయమైంది. ఏడాదిగా నిద్ర ఎరగని మనిషికి ఏ బండిలో కన్ను మూతపడుతుందో ఆ బండి ఇంటికొస్తుంది.

పొద్దున పది గంటలకు సత్యమ్మను బూడిద రంగు కారు ఎక్కించారు. ఆమె ఎడమవైపు కూర్చుంది. ఎప్పుడూ అంతే, కుడివైపు, డ్రైవరు వెనక చోటు భర్త పెద్దపటేల్‌ది. ఆయన పోయి ఎనిమిదేళ్ళయినా ఆమె ఆ పక్క కూర్చోలేదు, సంచి కూడా పెట్టనివ్వలేదు.

చెత్తగుట్ట దగ్గరపడుతుండగా ఎదురుగా శవయాత్ర వచ్చింది. ముందు నలుగురు దప్పులు కొడుతున్నారు, ఇద్దరు ఎగురుతున్నారు, వెనక ఆడవాళ్ళు గుండెలు బాదుకుంటున్నారు. కుతుబుద్దీన్ కారు పక్కకు ఆపాడు. కర్రలు చర్మం మీద పడుతున్నాయి, లేస్తున్నాయి. చప్పుడు లేదు. ఏడుస్తున్న ఒక ముసలామె అద్దానికి జానెడు దూరంలో నోరు తెరిచింది. చప్పుడు లేదు. రోజూ ముక్కు బద్దలుకొట్టే వాసన కూడా లోపలికి రాలేదు. దప్పులు కొట్టేవాళ్ళలో ఒకడు కుతుబుద్దీన్‌కు తెలిసినవాడే, జంగయ్య. అతను కారులోకి చూశాడు గానీ పోల్చుకోలేదు. ఎవరూ లేని కారును చూసినట్టు చూసి పోయాడు.

"కుతుబూ."

"అమ్మా."

"సచ్చినోళ్ళకు మనం గిట్లనే కనిపిస్తమా ఏందిరా? నోర్లాడుతయ్, మాట ఇనరాదు."

"గీ మాటలెందుకమ్మా ఇప్పుడు" అని బండి కదిలించాడు. గుంత దగ్గర ఎంత మెల్లగా దింపినా వెనక నుంచి "హమ్మ" అని చిన్న మూలుగు వచ్చింది. పాత బండిలో అయితే ఆ మూలుగు ఇంజను మోతలో కలిసిపోయేది. ఇక్కడ అది కారంతా నిండింది. యాప్రాల్ దాకా పోయి వచ్చినా సత్యమ్మ రెప్ప వాల్చలేదు.

అన్నాలు తిన్నాక ముత్యం రంగుది తీశారు. మబ్బు పట్టి ఉక్కగా ఉంది. ఎక్కేటప్పుడు మధుసూదన్ సీటు మధ్యలో మడిచి ఉన్న మెత్తని దిండును కిందికి లాగి, "అమ్మా, చెయ్యి దీని మీద పెట్టుకో. గిలాసలు పెట్టుకునేతందుకు బొక్కలు సుత ఉన్నయ్ సూడు" అని చూపించాడు. కొత్తబండి వింతలన్నీ చూపించాలని అతనికి సంబరం. సత్యమ్మ కళ్ళద్దాలు పైకి తోసుకుని కొడుకు ముఖం చూసి నవ్వింది. "మీ నాయినుంటే అండ్ల సుట్టముక్క పెట్టుకుంటుండె" అంది.

మలుపు వచ్చింది. ఆ గుంత ఇంకా అక్కడే, నిండా వాననీళ్ళతో కనిపించింది. కుతుబుద్దీన్ ఊపిరి బిగబట్టాడు. ముందు చక్రం దిగింది, ఎక్కింది. వెనక చక్రం దిగింది, ఎక్కింది. అతను కేక కోసం ఆగాడు. మూలుగు కోసం ఆగాడు. ఏమీ రాలేదు.

"అమ్మా, గుంత దాటినం."

"యాడ? ఎప్పుడు దాటినం?"

అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రోడ్డు మసకబారితే మోచేత్తో తుడుచుకున్నాడు. నెల రోజులుగా మోస్తున్న బరువు దిగిపోయింది. ఇదే బండి, ఇంక మాటే లేదు. కాళ్ళు మొక్కైనా పటేల్‌తో ఇదే కొనిపిస్తానని మనసులో అనుకున్నాడు.

యాప్రాల్‌లో బండి తిప్పుకుని వస్తుంటే సత్యమ్మ మళ్ళీ పిలిచింది.

"ఇంటికి అప్పుడే ఒద్దురా. దేవరయాంజాల్ దిక్కు పోనియ్. నడుము నొస్తలేదు. నిద్రొస్తాంది."

"పండుకో అమ్మా."

"నేను పండుకుంటే లేపకు. నడుమ ఆపకు. ఇంటికాడనే ఆపు."

"ఆపనమ్మా. నువ్వు పండుకో."

తూంకుంట దాటి దేవరయాంజాల్ దారి పట్టాడు. ఒకప్పటి ద్రాక్షతోట ఆ దారిలోనే. పందిళ్ళు లేవు, తీగలు లేవు. ఎర్రమట్టిలో తెల్ల సున్నం రాళ్ళు వరసలుగా పాతి ఉన్నాయి. తను డబ్బా కొట్టిన చోటు ఏదో గుర్తుపట్టాలని కుతుబుద్దీన్ ప్రతిసారీ చూసేవాడు. ఈసారీ చూశాడు, దొరకలేదు.

"జర అటు జరుగుండ్రి" అంది సత్యమ్మ.

అతను అద్దంలోకి చూశాడు. ఆమె ఎడమ తలుపుకు ఒత్తుకుని, తల కిటికీకి ఆనించి, కళ్ళు మూసుకుని ఉంది. ముఖంలో ఏదో తేడా కనిపించింది. ఏమిటో తెలియలేదు. కల వచ్చి ఉంటుంది అనుకున్నాడు. కానీ ఆమె ఎవరితోనూ "జరుగుండ్రి" అని అంత మర్యాదగా అనదు. ఊళ్ళో ఆమె కంటే పెద్దవాళ్ళే లేరు. అలా అనిపించుకున్నది ఒక్క పెద్దపటేల్.

ఆయనది మాట తక్కువ. బండి జోరైతే నోటితో చెప్పేవాడు కాదు. మోకాలితో డ్రైవరు సీటును ఒకసారి నెట్టేవాడు. మెల్లగా అని దాని అర్థం. ఇరవై ఏళ్ళు ఆ మోకాలి భాషలోనే ఇద్దరూ తిరిగారు.

దేవరయాంజాల్ గుడి గోపురం ఎడమన కనిపించి వెనకబడింది. కుతుబుద్దీన్ వీపుకు, నడుము కాస్త పైన, సీటు మెత్తగా ఒత్తుకుంది. ఒక్కసారే.

అతని కాలు తనంతట తానే బ్రేకు మీదికి వెళ్ళింది. బండి ముప్పైకి దిగింది. అద్దంలోకి చూడాలనిపించింది. చూడలేదు. కొత్త సీటు, స్ప్రింగు సర్దుకుని ఉంటుందని తనకు తాను చెప్పుకున్నాడు. చేతుల మీద వెంట్రుకలు ఆ మాట నమ్మలేదు.

ఇంక వినడం ఒక్కటే మిగిలింది. సత్యమ్మ ఊపిరి వినపడుతోంది. పొడుగ్గా, నింపాదిగా, శ్రద్ధగా ట్యూన్ చేసిన ఇంజనులా. ఇన్నాళ్ళూ ఆమె ఊపిరి అతనికి ఎప్పుడూ వినపడలేదు, పాత బండి మోత వినపడనివ్వలేదు. ఒక ఊపిరి. చాలాసేపటికి ఇంకొకటి. సున్నం రాళ్ళు దాటాయి, ఒక మైసమ్మ గుడి దాటింది, టీకొట్టు దాటింది. తర్వాతి ఊపిరి కోసం అతను ఎదురుచూశాడు.

చేతి గడియారం కొట్టుకుంటోంది. అంతే.

ఇంజను ఆగితే డ్రైవరుకు ఎవరూ చెప్పనక్కరలేదు. మనిషి పోయినప్పుడు చదివే "ఇన్నా లిల్లాహి"కి పెదవులు కదిలాయి. వాటికీ చప్పుడు లేదు. ఆపాలి, దిగాలి, తలుపు తీసి పిలవాలి. కానీ ఆమె ఆపొద్దంది. ఇంటికాడనే ఆపమంది. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆమె మాట అతను ఒక్కసారీ దాటలేదు. ఇద్దరినీ తీసుకుని వెళ్తున్నట్టే, అదే ముప్పైలో, గుంత గుంతకూ ప్రాణమున్న మనిషికి తగ్గినట్టే తగ్గుతూ, షామీర్‌పేట దాకా తోలాడు. మధ్యలో ఒక్కటే తలపు అతన్ని తొలిచింది. తండ్రి డబ్బా ఎందుకు కొట్టించేవాడో ఇప్పుడు తెలిసింది. అంబాసిడర్ మోత అలా మోగుతూ ఉంటే ఆమె దగ్గరికి ఎవరు రాగలిగేవారు? ఈ కారును ఇష్టపడ్డందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

గేటు దగ్గర మధుసూదన్ ఎదురొచ్చాడు. అద్దంలోంచి చూశాడు. తల వాల్చి, నోరు కొంచెం తెరిచి, ముడతలన్నీ సడలి పడుకున్న తల్లి. అతని ముఖం చిన్నపిల్లవాడి ముఖంలా వెలిగిపోయింది. వేలు పెదవుల మీద పెట్టుకుని "ష్" అన్నాడు. కుతుబుద్దీన్ దిగి తలుపు వేయబోతే ఆ తలుపును తనే పట్టుకుని చప్పుడు కాకుండా ఆనించాడు.

"పండుకుంది" అని గుసగుసగా అన్నాడు. "ఏడాదాయె అన్నా, ఏడాదాయె. లేపకుండ్రి ఎవ్వరు. ఏసీ బంద్ చెయ్యకు."

ఆ తర్వాత ఆ ఇల్లంతా నిద్రపోయే బిడ్డ చుట్టూ తిరిగినట్టు తిరిగింది. కోడలు రాధమ్మ మెట్ల మీద గాజులు మోగకుండా మోచేతి దాకా లాక్కుని వచ్చి, అద్దంలోంచి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని సంతోషంతో ఏడ్చింది. బోరు మోటారు ఆపించారు. కుక్కను దొడ్లో కట్టేశారు. ఎదురింటివాళ్ళకు చెప్పి టీవీ తగ్గించారు. పెళ్ళిచూపులకు వచ్చినట్టు పక్కిళ్ళవాళ్ళు కాళ్ళ మునివేళ్ళ మీద వచ్చి చూసి పోయారు. మధుసూదన్ గోడవారకు వెళ్ళి, చెయ్యి అడ్డం పెట్టుకుని, ఫోనులో కంపెనీవాడితో "ముత్యం రంగుదే ఖాయం. మా అమ్మ పండుకుంది దాంట్ల" అన్నాడు.

కుతుబుద్దీన్ కారు పక్కనే నిలబడ్డాడు. చెప్పాలని నోరు తెరిచినప్పుడల్లా ఎవరో ఒకరు వేలు పెదవులకు ఆనించి చూపించారు. ఆ ఇంట్లో అంత సంతోషం అతను చాలా ఏళ్ళుగా చూడలేదు. ఇంకో నిమిషం ఉండనిద్దాం అనుకున్నాడు. ఆ నిమిషం తర్వాత ఇంకో నిమిషం. అరగంట గడిచింది. ఇంక తన పిరికితనానికి దయ అనే పేరు పెట్టడం చాలనుకున్నాడు.

"పటేలా, ఇంజను బంద్ జేస్త."

"ఎందుకన్నా? ఉక్కపోస్తది అమ్మకు."

"పొయ్యదు పటేలా."

మధుసూదన్ అర్థంకానట్టు చూశాడు.

"అమ్మకు ఇగ ఉక్కపొయ్యదు."

మధుసూదన్ చేతిలో ఫోను అలాగే ఉంది. అందులోంచి కంపెనీవాడి గొంతు "సార్, సార్" అంటోంది. అతను కారు దగ్గరికి నడిచాడు. తలుపు తీశాడు. అప్పుడు కూడా మెల్లగానే తీశాడు. "అమ్మా" అని గుసగుసగా పిలిచి, చెయ్యి పట్టుకుని, వదిలి, మళ్ళీ పట్టుకున్నాడు. "నీకెప్పుడు తెల్సింది?" అని వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"దేవరయాంజాల్ కాడ. నడుమ ఆపొద్దంది. ఇంటికాడనే ఆపుమంది."

"నొచ్చిందా?"

"లే పటేలా. గుంత సుత తెల్వలే ఆమెకు."

రాధమ్మ కేక పెట్టింది. దాంతో ఇల్లు, వాడ, అరగంటగా బిగబట్టుకున్న చప్పుడంతా ఒక్కసారి తెగి పడింది. నలుగురు వచ్చి సత్యమ్మను ఎత్తి లోపలికి తీసుకుపోయారు. ఎత్తేటప్పుడు "నడుము పైలం" అని కుతుబుద్దీన్ నోటి నుంచి అలవాటుగా మాట వచ్చేసింది. ఎవరూ పట్టించుకోలేదు. దొడ్లో కుక్క మొరుగుతోంది.

కారు తలుపు అలాగే తెరిచి ఉంది. వెనక తలుపు వేసి, ముందు తలుపు తీసి, అతను తన సీటులో కూర్చున్నాడు. తలుపు మూయగానే ఏడుపులన్నీ ఆగిపోయాయి. అద్దం అవతల ఆడవాళ్ళ నోళ్ళు తెరుచుకుంటున్నాయి, చేతులు గుండెల మీద పడుతున్నాయి. ఎవరూ ఇటు చూడటం లేదు. ఇంజను నడుస్తోందో ఆగిందో అతని చెవికి తెలియలేదు. మీటరు ముల్లు చూసి తాళం తిప్పి ఆపాడు.

వెనక్కి తిరిగాడు. సీటు మధ్యలో దించిన దిండు మీద, గిలాసల కోసం పెట్టిన రెండు గుంతల్లో కుడివైపు దాంట్లో, సత్యమ్మ కళ్ళద్దాలు కాడలు మడిచి, జాగ్రత్తగా నిలబెట్టి ఉన్నాయి. తుడుచుకోవడానికి ఎవరో అప్పుడే నోటితో ఊదినట్టు, వాటి మీద ఆవిరి పట్టి ఉంది.